నూట ఇరవై ఒక్క కిలోల మొక్కు

నాచారం,
10 అక్టోబర్ 2025

చిరంజీవి తారామణికి అమ్మ దీవించి రాయునది.

ముందు అందరి ఒంట్లో సంగతులు చెప్పు. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? బస్సు మెట్లు ఎక్కుతుంటే ఇంకా టక్కుమంటున్నాయా? అల్లుడు బాలరాజుకు నడుము పట్టేసిందని విన్నాను. ఫ్యాక్టరీలో బరువులు ఎత్తవద్దని నా మాటగా చెప్పు, నా మాటకు విలువుంటే. మనవరాలు ప్రజ్ఞకు కళ్లు చూపించారా? ఇంటర్ చదివే పిల్లకు తలనొప్పి అంటే తేలిగ్గా తీసుకోవద్దు. మీ పై వాటాలో ముసలాయన దగ్గు తగ్గిందా? ఆ దగ్గు మంచిది కాదు. నా చెవులకే వినబడిందంటే ఎంత దగ్గో చూసుకో. ఇక్కడ నీ తమ్ముడు ఉపేందర్‌కు జలుబు. కోడలు హిమజ చెయ్యి నూనె చింది కాలింది, బొబ్బ పగలకముందే చూపించుకోమంటే వినదు. నాకేమీ లేదు, బాగానే ఉన్నాను.

చెవులే అట్లా ఉన్నాయి. ఉపేందర్ కొనిచ్చిన మిషను పెట్టుకుంటే కీచుమంటుంది, తీసేస్తే పిండి గిర్నీలో కూర్చున్నట్టుంటుంది. ఫోనులో నువ్వు చెప్పేది నాకు వినబడదు, నేను చెప్పేది వాడకట్టంతా వింటుంది. అందుకే ఈ ఉత్తరం. నాలుగో తరగతి చదువు, రాత ఇట్లాగే ఉంటుంది. నాచారం నుంచి ఉప్పల్ ఎంత దూరం, ఆటో ఎక్కితే వచ్చేయవచ్చు కదా అంటావేమో. రాను. ఎందుకు రానో నీకు తెలుసు.

సద్దుల బతుకమ్మ నాడు నేను మలీద ముద్దలు చేసి తెచ్చాను. రొట్టెలు నలిపి, బెల్లం దంచి, నెయ్యి పోసి, తెల్లవారుజామున లేచి చేశాను. నువ్వు వద్దంటే, పండుగ పూట వద్దనకూడదని నా చేత్తోనే ఒకటి పెట్టాను. కాసేపటికి నీకు చెమటలు పట్టి, గుండె దడదడలాడి, గడప మీద కూలబడ్డావు. అల్లుడు వచ్చి నా చేతిలో గిన్నె గుంజుకున్నాడు. "సంపుతవా అత్తమ్మా నీ బిడ్డను?" అన్నాడు. బతుకమ్మలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లంతా వాకిట్లో నిలబడి విన్నారు. నేను నీ మొహం చూశాను, నువ్వైనా నా తరఫున ఒక మాట అంటావని. నువ్వు అన్నావు. "అమ్మా, నేను పిలిచేదాంక మా ఇంటికి రాకు" అన్నావు. ఆ మాట మాత్రం శుభ్రంగా వినబడింది.

మలీద తిని కూలబడినవాళ్లు ఎవరున్నారు బిడ్డా? వాడంతా తిన్నది. ఎవరికీ చెమట పట్టలేదు. నీకు పట్టింది మలీద కాదు, మొక్కు.

నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. జులైలో నిన్ను ఆ దవాఖానాలో తోపుడు బండి మీద పడుకోబెట్టి లోపలికి తీసుకుపోతుంటే, నేను గోడకు ఆనుకొని మేడారం సమ్మక్క తల్లికి మొక్కాను. "తల్లీ, లోపలికి ఎంత బిడ్డ పోతున్నదో అంత బంగారం నీ గద్దె మీద పెడతాను, నా బిడ్డను బయటికి పంపు" అన్నాను. బంగారమంటే బెల్లమే. తల్లి దగ్గర బెల్లాన్ని బెల్లమనరు. ఆ రోజు నీ బరువు నర్సు గట్టిగా చదివింది. నూట ఇరవై ఒకటి. నువ్వు బయటికి వచ్చావు. మొక్కు మాత్రం తీరలేదు. జాతర జనవరి చివర్లో ఉంది. నువ్వు వచ్చి కాటా మీద నిలబడితే తూకం వేయించి పంపుతాను. ఆలస్యమైతే తల్లి ఊరుకోదు. ఒకసారి కూలబడేట్టు చేసి చూపించింది.

అల్లుడికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. నేను చంపేదాన్ని కాదని తెలుస్తుంది.

అమ్మ
వెంకటనర్సమ్మ

*

ఉప్పల్,
18 అక్టోబర్ 2025

అమ్మకు,

నీ ఉత్తరం మా డిపో కండక్టర్ ప్రశాంత్ తెచ్చి ఇచ్చాడు. "అక్కా, నాచారం స్టాపుల ఒక అవ్వ బస్సు ముంగట అడ్డం నిలవడి ఇచ్చింది" అన్నాడు. అమ్మా, బస్సుకు అడ్డం నిలబడకు. ఉత్తరం ఇవ్వడానికైనా సరే.

నువ్వు అడిగినవాళ్లంతా బాగున్నారు. ముసలాయన దగ్గు కూడా.

ఇప్పుడు నా మాట జాగ్రత్తగా చదువు, వినబడలేదని తప్పించుకోవడానికి ఉత్తరంలో కుదరదు. డాక్టర్లు నా కడుపులో పైన గుడ్డంత సంచి మాత్రం ఉంచారు. దాన్ని తీసుకుపోయి కింద పేగుకు కలిపారు. అందులోకి తీపి పోతే ఆగదు, నేరుగా పేగులో పడుతుంది. పడితే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం. ఇది డాక్టరు నాకు చెప్పాడు. నేను నీకు రెండుసార్లు చెప్పాను. నువ్వు రెండుసార్లూ "ఊ" అన్నావు. వినబడక ఊ అన్నావని నాకేం తెలుసు? ఆ రోజు నన్ను పడగొట్టింది సమ్మక్క తల్లి కాదు, నీ బెల్లం. మా ఆయన అన్న మాట తప్పే. భయంతో అన్నాడు. నేను అన్న మాట భయంతో అనలేదు. నేను వద్దన్నా నోట్లో పెట్టే చెయ్యి ఇంట్లో ఉంటే నేను బతకలేను, అందుకే అన్నాను.

ఇప్పుడు నేనెట్లా తింటున్నానో తెలుసా? పొద్దున పొడి కలిపిన పాలు, గుటకా గుటకా, అరగంట. మధ్యాహ్నం మెత్తటి పప్పు, గుడ్డు, చిన్న గిన్నెడు. నమిలి నమిలి దవడలు నొప్పి పుడతాయి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తాగేటప్పుడు తినకూడదు. మాత్రలు జీవితాంతం. ఇదంతా సరదాకు కాదు. మోకాళ్లు అరిగి, షుగరు మొదలై, నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే చేయించుకున్నాను.

కాటా సంగతి. నేను ఎక్కను. నాకు పదేళ్లప్పుడు రేషన్ షాపు డీలరు నన్ను బియ్యం కాటా మీద నిలబెట్టి "ఇది కంట్రోల్ బియ్యం బస్తానా, నర్సమ్మ బస్తానా?" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నువ్వూ నవ్వావు. అప్పటి నుంచి నన్ను తూచనివాళ్లు లేరు. పెళ్లిచూపుల్లో కళ్లతో తూచారు. బస్సులో సీట్ల మధ్య నుంచి పోతుంటే "కండక్టరమ్మకు రెండు టికెట్లు కొట్టాలె" అని వెనక నుంచి ఎవడో ఒకడు అనేవాడు. ఇప్పుడు తొంభై ఏడు ఉన్నాను. నిన్న రామంతాపూర్ దగ్గర కిక్కిరిసిన బస్సులో ముందు నుంచి వెనక్కి ఎవరి భుజానికీ తగలకుండా పోయి వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎంత బాగుంటుందో నీకు తెలియదు. డాక్టరు దగ్గరి కాటా తప్ప ఇంకో కాటా నేను ఎక్కను, దేవత అడిగినా.

ఇంకో మాట. డిపోలో నేను పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అని చెప్పాను. నిజం తెలిస్తే "నోరు కట్టేసుకోలేక కడుపు కోయించుకున్నది" అంటారు. ఈ సంగతి నీ దగ్గరే ఉండనీ. నీ గొంతు ఎంత గట్టిదో నీకు వినబడదు, మాకు వినబడుతుంది.

తారామణి

*

నాచారం,
12 నవంబర్ 2025

చిరంజీవి తారామణికి అమ్మ రాయునది.

బాగున్నావని తలుస్తాను. హిమజ చెయ్యి మానింది, మచ్చ పడింది. ఉపేందర్‌కు జలుబు పోయి దగ్గు వచ్చింది. చలి మొదలైంది, పొద్దుటి డ్యూటీకి పోయేటప్పుడు చెవులకు గుడ్డ కట్టుకో, నా చెవులు చూసైనా కట్టుకో.

నవ్వానని రాశావు. నవ్వకపోతే ఏం చేయాలి ఆ రోజు? ఇరవై మంది వరసలో ఉన్నారు, మన కార్డు డీలరు చేతిలో ఉంది. నేను ఏడిస్తే నువ్వూ ఏడుస్తావు. నేను నవ్వి నీ చెయ్యి పట్టుకొని దింపాను. దింపింది గుర్తులేదు నీకు, నవ్వింది గుర్తుంది.

అది పోనీ. మొన్న జరిగింది చెబుతాను. నీ పరువు నేనెట్లా కాపాడానో తెలుస్తుంది.

బెల్లం దుకాణం పాండురంగ దగ్గరికి పోయాను, జాతరకు ముందే చెప్పి పెట్టుకోవాలని. అక్కడ కామాక్షి ఉంది, మన వెనక గల్లీ కామాక్షి, నోరు ఊరుకోదు. నన్ను చూడగానే పక్కకు వచ్చి, చెవిలో చెబుతున్నట్టు నటిస్తూ దుకాణమంతా వినేటట్టు అడిగింది.

"ఏం రోగమొచ్చింది వదినె మీ తారామణికి? మొన్న బస్సుల జూసిన, గుర్తు వట్టలే. మొకమంత గుంజుకపోయింది. పెద్ద రోగమని అంటున్నరు, నిజమేనా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పండంటి బిడ్డకు పెద్ద రోగమట! లావుగా ఉన్నప్పుడు ఈమే కదా "మీ బిడ్డ కూసుంటె సోఫా ఇరుగుతది" అన్నది? ఇప్పుడు సన్నబడితే రోగమట! నేను ఊరుకోలేదు.

"రోగం నీ ఇంట్ల వుట్ట! నా బిడ్డ నూటిరవై ఒక్క కిలోలుండె. పెద్ద డాక్టరు తాన కడుపు చిన్నగ జేయించుకున్నది. గుడ్డంత జేసిన్రు. ఇంకా తగ్గుతది. నీకు చాతనైతే నువ్వు గూడ పోయి నోరు చిన్నగ జేయించుకో!" అన్నాను.

కామాక్షి మొహం చూడాల్సింది. తర్వాత పాండురంగతో నూట ఇరవై ఒక్క కిలోల బంగారం కావాలన్నాను. వాడు కళ్లద్దాలు పైకి తోసి "అవ్వా, మనిషికా, ట్రాలీ ఆటోకా?" అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వబోయారు. వాళ్లనూ ఒక చూపు చూశాను. వాడు తగ్గి, "నారాజ్ గాకు అవ్వా. గాని అంకె చెప్తే తూయ్య. మొక్కిన మనిషి వచ్చి కాటా ఎక్కాలె. మనిషి ఎక్కుతది గాని అంకె ఎక్కదు. మా నాయిన కాలం సంది గిదే పద్ధతి" అన్నాడు.

కాబట్టి నువ్వు రాక తప్పదు. నువ్వు ఇప్పుడు ఎంత ఉన్నావో నాకు అక్కర లేదు, తగ్గిన బరువుకు తూచి చేతులు దులుపుకుంటే తల్లిని మోసం చేసినట్టు. ఎక్కువ బిడ్డను చూపించి మొక్కి, తక్కువ బిడ్డను చూపించి తీర్చడం ఏం న్యాయం? నువ్వు కాటా ఎక్కు, మిగతాది నేను పైన వేయిస్తాను, పాండురంగ ఒప్పుకోకపోతే కాళ్లు పట్టుకుంటాను.

అమ్మ

*

ఉప్పల్,
20 నవంబర్ 2025

అమ్మా,

నువ్వు నా పరువు కాపాడిన సంగతి నీ ఉత్తరం కంటే ముందే నాకు చేరింది. నిన్నటి నుంచి నాకు నాచారం రూటు డ్యూటీ. మల్లాపూర్‌లో ఎక్కిన ఒకావిడ, టికెట్ మిషను నా చేతిలో ఉండగానే, ముందు సీట్లో కూర్చున్న ఆమెతో అంటోంది:

"గీమెనే. నూటిరవై కిలోల కండక్టరమ్మ. కడుపు కోసి గుడ్డంత జేసిన్రట. బెల్లం దుకాణంల వాళ్లమ్మనే చెప్పిందట."

వెనక నుంచి ఒకడు అడిగాడు, "మేడం, ఆపరేషనుకు మా ఆడామెను గూడ తోల్కపోనా?" అని. డ్రైవర్ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. రాత్రికి డిపో అంతా తెలిసిపోయింది. క్యాష్ కౌంటర్ దగ్గర ఒకడు "రాళ్లు తీసిన్రన్నవ్, కడుపే తీసిన్రా?" అన్నాడు. నేను డబ్బు సంచి బల్ల మీద పడేసి వచ్చేశాను.

అమ్మా, ఆ కామాక్షి నాకు రోగమని అనుకుంటే అనుకోనీ. నాకు పోయేదేముంది? నాలుగు నెలలు ఒక్క మాట లేకుండా పని చేసుకున్నాను. ఆ నాలుగు నెలలు నువ్వు బెల్లం దుకాణంలో పంచిపెట్టావు. నీ దగ్గరే ఉండనీ అని రాశాను కదా. చదవలేదా? చదివి కూడా అన్నావా?

నీకు నా ఆపరేషన్ కావాలి, నీ మొక్కు కావాలి, నీ గెలుపు కావాలి. నేను మాత్రం అక్కర్లేదు. నా బరువు నువ్వు ఎంతకని మొక్కుకుంటే నాకేమి? నన్ను అడిగి మొక్కావా?

జాతరకు నేను రాను, కాటా ఎక్కను. ఇక ఉత్తరాలు కూడా వద్దు. ప్రశాంత్‌కూ మిగతావాళ్లకూ చెప్పాను, స్టాపులో నీ దగ్గర కాగితం తీసుకోవద్దని.

తారామణి

*

నాచారం,
16 డిసెంబర్ 2025

తారామణికి,

నీ కండక్టర్లు నన్ను చూసి అటు తిరిగి ఈల కొట్టుకుంటున్నారు. కాబట్టి పోస్టులో వేస్తున్నాను. చదవకపోయినా సరే, విప్పైనా చూడు.

అల్లుడి నడుము, నీ మోకాళ్లు, ఏమీ అడగను. అడిగితే నువ్వు చెప్పవు. ప్రజ్ఞ చెప్పింది. ఆదివారం వచ్చింది పిల్ల, తలనొప్పి లేదట, కళ్లద్దాలు బాగున్నాయి. నువ్వు పంపావో, తానే వచ్చిందో నేను అడగలేదు. మాట మీద మాట వచ్చి, "అమ్మ తల దువ్వుకుంటె కుచ్చులు కుచ్చులు ఊడుతున్నది అమ్మమ్మా" అన్నది. చిన్నతనంలో నీ జడ మోకాలి దాకా ఉండేది, పూలు పెట్టలేక నా చేతులు నొప్పి పుట్టేవి. డాక్టరు ఆరు నెలలకు మళ్లీ వస్తుందన్నాడట. డాక్టర్లు ఏదైనా మళ్లీ వస్తుందనే అంటారు.

నా నోటి వల్ల తప్పు జరిగింది, జరగలేదనను. కానీ రోగమని అంటుంటే ఏ తల్లి వింటుంది? రోగమన్న మాట పదిమంది నోట్లో నానితే అది నిజమై కూర్చుంటుంది. నీకు పోయేదేముందని రాశావు. నాకు పోయేది ఉంది. నీ తర్వాత పుట్టిన పిల్లను మూడో నెలలోనే పోగొట్టుకున్నాను. ఎవరో "పిల్ల వాడింది" అన్నారు, వారానికి పోయింది. నీకు ఆ సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు తెలుసుకో. అందరూ నిన్ను చూసి వాడింది, వాడింది అంటుంటే నాకు రాత్రి కన్ను మూతపడదు.

ముందు కూలబడ్డావు. ఇప్పుడు జుట్టు. తర్వాత ఏమిటో అనుకోవడానికి కూడా నాకు ధైర్యం లేదు. తల్లికి మాట ఇచ్చింది నేను, ఆమె పట్టుకుంటున్నది నిన్ను. ఇది అన్యాయం, ఆ మాట ఆమెతోనే అన్నాను, పటం ముందు నిలబడి, "నన్ను పట్టుకో, నా బిడ్డ జోలికి పోకు" అని.

నువ్వు నన్ను చూడనక్కర లేదు. నేను రోడ్డుకు అవతల నిలబడతాను. నువ్వు వచ్చి పాండురంగ కాటా ఒక్కసారి ఎక్కి దిగి పో.

అమ్మ

*

ఉప్పల్,
4 జనవరి 2026

అమ్మకు,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఇవాళ నీ కోడలు నా బస్సు ఎక్కింది. ఎక్కడం ఎక్కడమే రాడ్ పట్టుకొని నా పక్కన నిలబడి, జనం ఉన్నారని కూడా చూడకుండా మొదలుపెట్టింది.

"వదినె, నేను జెప్తె అత్తమ్మ నన్ను సంపుతది. అయినా జెప్త. ఆర్నెల్ల సంది రాత్రి బువ్వ ముడతలేదు. పగలు గూడ నీ లెక్కనే చిన్న గిన్నెల పెట్టుకొని రెండు మెతుకులు గెలికి లేస్తది. ఏందత్తమ్మా అంటె, 'నా బిడ్డ రెండు చెంచాలు తింటుంటె నాకు ముద్దెట్ల దిగుతది' అంటది. మొన్న కమ్యూనిటీ హాల్ల ముసలోళ్లకు బీపీ జూసిన్రు, బరువు జూసిన్రు. ముప్పై ఆరు."

నేను రెండు స్టాపులు టికెట్లు కొట్టలేదు. జనం అరుస్తున్నారు.

ముప్పై ఆరా అమ్మా? నిరుడు నిన్ను నేను పెన్షన్ పని మీద తీసుకుపోయినప్పుడు, పక్కనే దవాఖానాలో తూపిస్తే నలభై ఐదు ఉన్నావు. "నాకేమీ లేదు, బాగానే ఉన్నాను" అని రాస్తావు ప్రతిసారీ. అందరి ఒళ్లూ అడుగుతావు, పై వాటా ముసలాయన దగ్గు కూడా అడుగుతావు. నీ ఒళ్లు ఎవరు అడగాలి?

నాకు ఒళ్లు మండిపోతోంది. నేను తగ్గానంటే వెనక డాక్టరు ఉన్నాడు. నెలనెలా రక్తం చూస్తారు, పొడి ఇస్తారు, మాత్రలు ఇస్తారు, ఎక్కడ ఆగాలో చెబుతారు. నువ్వు ఎవరు చెబితే తగ్గావు? నీ పస్తు వచ్చి నా కడుపులో పడుతుందా? నేను తినలేక తినడం లేదు. నువ్వు తినగలిగి తినడం లేదు. నేను ఒక్క ముద్ద ఎక్కువ తినగలిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో, నువ్వు కంచంలో అన్నం వదిలేసి లేస్తున్నావు! జుట్టు గురించి ఫికర్ చేయకు. చిన్న జుట్టు మళ్లీ మొలుస్తోంది, నుదుటి దగ్గర ముళ్లలా నిలబడి నవ్వొస్తుంది. చెల్లి సంగతి చదివాను. నాకు ముందే చెప్పాల్సింది. ఇంత భయం ఒక్కదానివే మోస్తుంటే నాకు కోపంగానే కనబడింది.

అందుకని ఇప్పుడు నా మాట విను. నీకు కావాల్సింది నూట ఇరవై ఒకటి. నేను ఇప్పుడు ఎనభై మూడు. నేను ఒక్కదాన్ని కాటా ఎక్కితే తల్లికి తక్కువని నువ్వే అంటావు. పైన బెల్లం వేయడానికి పాండురంగ ఒప్పుకోకపోవచ్చని నువ్వే రాశావు, మనిషే ఎక్కాలని. సరే, మనిషే ఎక్కుతుంది. నాతో పాటు నువ్వు ఎక్కు. మేడారంలో గద్దెల మీద ఉన్నదెవరు? సమ్మక్క, సారలమ్మ. తల్లీ బిడ్డలే కదా. వాళ్ల ముందు మనిద్దరం ఒక్క కాటా మీద నిలబడితే తప్పేముంది?

కానీ లెక్క చూసుకో. ఎనభై మూడూ ముప్పై ఆరూ కలిపితే నూట పందొమ్మిది. రెండు కిలోలు తక్కువ. నేను ఇంకా తగ్గుతున్నాను, జాతర నాటికి ఎనభై రెండో ఎనభై ఒకటో. ఆ లోటు బెల్లంలో లేదమ్మా, నీ కంచంలో ఉంది. రాత్రి పూట బువ్వ తిను. తినకపోతే తల్లికి తక్కువైంది నా వల్ల కాదు, నీ వల్ల.

నేను కాటా ఎక్కుతాను. ఒక్కసారి. దుకాణం తెరవకముందు, పాండురంగ తప్ప ఎవరూ ఉండకూడదు. అంకె పైకి చదవకూడదు. ఇరవై ఏడు నుంచి నాకు జాతర స్పెషల్ బస్సు డ్యూటీ వేశారు. కిక్కిరిసిన బస్సులో మేడారం దాకా. నిరుడైతే నా పేరు కూడా రాసేవాళ్లు కాదు. అంటే అంతకు ముందే తూకం కావాలి. నా వీక్లీ ఆఫ్ బుధవారం. రోజు నువ్వు చెప్పు.

తారామణి

*

నాచారం,
11 జనవరి 2026

చిరంజీవి తారామణికి అమ్మ రాయునది.

నీ ఉత్తరం ప్రశాంతే తెచ్చి ఇచ్చాడు, బస్సు దిగి మరీ. ఈల కొట్టినవాడే.

హిమజను నేను ఏమనాలో తెలియడం లేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పని సంగతి బస్సులో పదిమంది ముందు చెప్పిందా? మనింట్లో నోరు ఎవరిదైతేనేం, గట్టిగానే ఉంటుంది. అయినా నా తిండి నా ఇష్టం అనుకున్నాను. అరవై ఎనిమిదేళ్ల దాన్ని, పిల్లదానిలా నా కంచంలోకి తొంగి చూస్తారా? నువ్వేమో డాక్టరు కాటా తప్ప ఇంకోటి ఎక్కనన్నదానివి, నన్ను మాత్రం కమ్యూనిటీ హాల్లో తూచిన అంకె పట్టుకొని నిలదీస్తావా? పైగా బేరం. ఇది మొక్కా, కూరగాయల బజారా? తల్లికి తక్కువైతే నా వల్లనట! ఎంత మాట రాశావు.

ఆ మాట రాసి నన్ను రాత్రంతా కూర్చోబెట్టావు. పొద్దున లేచి పాండురంగ దగ్గరికి పోయాను. ఇద్దరం ఒకేసారి ఎక్కవచ్చా అని అడిగాను. వాడు తల గోక్కున్నాడు. చాలాసేపు గోక్కున్నాడు.

"తల్లీబిడ్డలు ఒక్క కాటా మీద ఎక్కంగ నేను ఎన్నడు జూడలే అవ్వా. గాని ఎక్కొద్దన్నోణ్ని గూడ ఎన్నడు జూడలే" అన్నాడు. "బస్తాల కాటా పెద్దదున్నది లోపల, ఇద్దరు నిలవడొచ్చు. ఆరున్నరకు రా. షట్టరు సగమే లేపుత. అంకె నాకు కనవడుతది, నోటికి రాదు" అన్నాడు. కామాక్షికి చెప్పకు అన్నాను. "నేను జెప్పుడేంది, నువ్వు జెప్పకు" అన్నాడు. ఎంత పొగరు చూడు.

తింటున్నాను. నీ కోసం కాదు, తల్లికి తక్కువ కాకూడదని. రాత్రి హిమజ కంచం ముందు నిలబడుతుంది, టికెట్లు చెక్ చేసే స్క్వాడ్ లాగా. మొదటి రోజు మూడో ముద్దకే పొట్ట పట్టేసింది. ఆర్నెల్లు ఖాళీగా ఉంచితే అది కూడా ముడుచుకుపోతుందట. నీది కోస్తే చిన్నదైంది, నాది కోయకుండానే అయింది. నాలుగో ముద్ద నోట్లో పెట్టుకొని కూర్చుంటే, లోపలికి పోక, బయటికి రాక, కళ్ల నీళ్లు వచ్చాయి. నీకు ఇట్లాగే ఉంటుందా రోజూ? ఇట్లా ఉండగా నేను నీ నోట్లో మలీద కుక్కానా? ఆ మాట ఇక నేను ఎత్తను, నువ్వూ ఎత్తకు.

ఇప్పుడు ఏడెనిమిది ముద్దలు పోతున్నాయి. పెరుగన్నం, పచ్చిపులుసు, మధ్యాహ్నం గుడ్డు. నిన్న కిరాణా కొట్టులో తూపించుకున్నాను, ముప్పై ఏడున్నర. ఉపేందర్ చెప్పులతో తూచావంటున్నాడు. చెప్పులు ఎంత ఉంటాయి? వాడికి నేను పెరగడం ఇష్టం లేనట్టుంది.

నువ్వు మాత్రం ఈ పది రోజులు జర నిదానంగా తగ్గు. నేను ఇక్కడ ఒక్కో ముద్ద కష్టపడి ఎక్కిస్తుంటే, నువ్వు అక్కడ కిలోలు కిలోలు దింపేస్తే నేను ఎక్కడ పట్టుకోను? డాక్టరును అడుగు, పది రోజులు ఆగితే ప్రాణం పోతుందా అని. పోతుందంటే వద్దు, తగ్గు. నేనే ఇంకో ముద్ద తింటాను.

అల్లుణ్ని కూడా తీసుకురా. నాతో మాట్లాడకపోతే మానె, బస్తాలు ఎత్తవద్దు, నడుము ఉంది, కానీ షట్టరు దగ్గర కాపలా నిలబడమను. మనిద్దరం దిగేదాకా ఎవరినీ లోపలికి రానివ్వకూడదు. తూకం అయ్యాక నువ్వు ఇంటికి వస్తావు. హిమజ నీకు చక్కెర లేని పాలూ, మెత్తటి పెసరపప్పూ చేస్తుంది, నేను ముట్టను, నీ దగ్గరికి గిన్నె కూడా నేను తేను. నువ్వు నీ గిన్నెడు తిను, నేను నా కంచం నిండా తింటాను, ఎవరి కంచం వాళ్లది.

ఇరవై ఎనిమిదిన జాతర, అంతకు ముందు బుధవారం నీకు సెలవు, బుధవారం తల్లికి కూడా మంచిది. కాబట్టి ఇంకో రోజు మార్చవద్దు, డ్యూటీ పడిందని చెప్పవద్దు: జనవరి ఇరవై ఒకటి, బుధవారం, పొద్దున ఆరున్నరకు, పాండురంగ షట్టరు దగ్గర.

అమ్మ
వెంకటనర్సమ్మ